బలి వేరు, త్యాగం వేరు: సిలువ నేర్పిన ప్రేమ



త్యాగపూరితమైన ప్రేమ గురించి వినని ఆదివారం మన సంఘాల్లో బహుశా ఉండదు. ప్రసంగంలో వింటాం, పాటల్లో పాడతాం, ప్రభువు బల్ల దగ్గర జ్ఞాపకం చేసుకుంటాం. ఎంతగా వినిపిస్తుందంటే, ఆ మాటకు అర్థం ఏమిటని ఆగి అడగడం మానేశాం.

ఒక్కసారి మన ముందు కూర్చున్నవారిని చూద్దాం. హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారం, జవహర్‌నగర్ ప్రాంతాల్లో చిన్నా పెద్దా సంఘాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కూర్చునే విశ్వాసుల్లో తెల్లవారకముందే లేచి రోడ్లు ఊడ్చేవారున్నారు. ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు ముగించుకొని నేరుగా ఆరాధనకు వచ్చేవారున్నారు. నాలుగిళ్ళలో అంట్లు తోమి పిల్లల ఫీజు కట్టే తల్లులున్నారు. ఇంట్లో దెబ్బలు తిని, అది కనబడకుండా కొంగు నిండుగా కప్పుకొని వచ్చే అక్కచెల్లెళ్ళు కూడా ఉన్నారు. పులుపిటం మీద నుంచి "త్యాగం చేయండి" అన్నప్పుడు వీరికి ఏమి వినబడుతుంది? ఇప్పటికే మోస్తున్న బరువును నోరెత్తకుండా మోయమని దేవుడే చెప్పినట్టు వినబడితే, మనం సువార్త చెప్పినట్టేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకాలంటే ముందు మన భాషలోనే ఉన్న ఒక తేడాను గమనించాలి.

రెండు మాటలు

తెలుగులో మనకు "బలి" అనే మాట ఉంది, "త్యాగం" అనే మాట ఉంది. రెంటినీ ఒకే అర్థంలో వాడుతుంటాం గాని, అవి ఒకటి కావు. "పాపం, వాడు బలైపోయాడు" అంటాం. అంటే ఎవరో చేసిన పనికి ఇంకెవరో నష్టపోయారని. బలిలో ఇచ్చేవాడు వేరు, పోయేది వేరు. కత్తి పట్టుకున్నది ఒకరు, మెడ వంచింది మరొకరు. త్యాగంలో అలా ఉండదు. ఇచ్చేవాడే తన దానిని ఇస్తాడు. ఇవ్వకుండా ఉండగలిగి కూడా ఇస్తాడు.

పాత నిబంధనలో దావీదు రాజు కథ దీనికి మంచి ఉదాహరణ. బలిపీఠం కట్టడానికి అరౌనా తన కళ్ళాన్ని, ఎద్దులను ఉచితంగా ఇస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు. తనకు ఖర్చు కానిదాన్ని దేవునికి అర్పించనని చెప్పి, వెల చెల్లించి కొన్నాడు (2 సమూయేలు 24:24). ఒకడి సొమ్ము తీసుకొని మరొకడు భక్తి చూపించుకోవడం కుదరదని ఆ రాజుకు తెలుసు.

ప్రభువు కాలానికి ఈ సంగతిని కొందరు మరచిపోయారు. తలిదండ్రులను పోషించాల్సిన ధనాన్ని "కొర్బాను", అంటే దేవునికి అర్పితం అని ప్రకటించి, వారిని వట్టి చేతులతో వదిలేసేవారు. పేరుకు అది అర్పణే. వెల మాత్రం ముసలి తల్లీ తండ్రీ చెల్లించారు. ప్రభువు దాన్ని భక్తి అనలేదు, దేవుని ఆజ్ఞను కొట్టివేయడమని అన్నాడు (మార్కు 7:9-13).

సిలువ మీద జరిగింది ఏమిటి?

మరి సిలువ బలి కాదా అని మీరు అడగవచ్చు. బలే. కాని లోకంలోని బలులన్నిటికీ అది భిన్నం. హెబ్రీ పత్రిక ఈ విషయాన్నే మళ్ళీ మళ్ళీ చెబుతుంది. పాత యాజకుడు మరొక ప్రాణిని తెచ్చి అర్పించాడు. మన ప్రధానయాజకుడు తన్ను తానే అర్పించుకున్నాడు (హెబ్రీ 9:11-14). యాజకుడూ ఆయనే, గొర్రెపిల్లా ఆయనే. బలికీ త్యాగానికీ మధ్య ఉన్న దూరం సిలువ దగ్గర చెరిగిపోయింది.

యోహాను సువార్త పదవ అధ్యాయంలో ప్రభువు తన ప్రాణం గురించి చెప్పిన మాట మనం మరువకూడనిది. దానిని ఎవరూ తన దగ్గర నుంచి లాక్కోవడం లేదనీ, తానే పెడుతున్నాననీ, పెట్టడానికీ తిరిగి తీసుకోవడానికీ తనకు అధికారం ఉందనీ ఆయన అన్నాడు (యోహాను 10:18). పిలాతు, కయప, రోమా సైనికులు తమ చేతిలో ఒక మనిషి బలైపోతున్నాడనుకున్నారు. ఆయన మాత్రం తన్ను తాను ఇచ్చుకున్నాడు.

ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో ఇదే క్రమం. ఆయన ముందు దేవునితో సమానుడు. తరువాతే దాసుని రూపం. ఉన్నవాడు దిగివచ్చాడు. లేనివాడిని ఇంకా కిందికి తొక్కిన కథ కాదది. పాదాలు కడిగిన రాత్రి కూడా బోధకుడు లేచి తువాలు కట్టుకున్నాడు గాని, శిష్యుల్లో చిన్నవాణ్ణి పిలిచి కడగమనలేదు (యోహాను 13).

కాబట్టి త్యాగపూరితమైన ప్రేమ అన్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: ఇచ్చేది ఎవరు? తన చేతిలో ఉన్నదాన్ని స్వేచ్ఛగా ఇస్తున్నాడా, లేక ఇంకొకరి చేతిలో ఉన్నదాన్ని లాగి ఇస్తున్నాడా? మన తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన జీవితాలు కొన్ని ఉన్నాయి.

ఒంగోలు: తిరిగి ఏమీ అడగని ప్రేమ

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. తొలి రోజుల్లోనే ఆయనకు ఒక పరీక్ష ఎదురైంది. పట్టణంలోని అగ్రకులాలవారు తమ పిల్లలను మిషను బడికి పంపుతున్నారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసుల ద్వారా పల్లెల్లోని మాదిగలు క్రీస్తు దగ్గరికి రాసాగారు. వీరిని చేర్చుకుంటే మేము దూరమవుతామని పెద్దలు స్పష్టంగా చెప్పారు. క్లౌ, ఆయన భార్య హారియెట్ వేరువేరు గదుల్లో ప్రార్థన చేసి బైబిలు తెరిస్తే, ఇద్దరి కళ్ళూ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే చోట పడ్డాయని క్లౌ తరువాత రాసుకున్నాడు. లోకం నీచులుగా ఎంచినవారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. వారు మాదిగలను చేర్చుకున్నారు. అగ్రకులాల పిల్లలు బడి వదలి వెళ్ళిపోయారు. పట్టణంలో పెద్దల అండను, మంచి పేరును క్లౌ దంపతులు పోగొట్టుకున్నారు. అది వారి సొంతం కాబట్టి వారే వదులుకున్నారు.

పదేళ్ళ తరువాత అంతకంటే పెద్ద పరీక్ష వచ్చింది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని దహించిన మహాకరువు అది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మంది చనిపోయారు. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుగా తీసుకున్నాడు. తన తెలుగు బోధకులనే పని మీద అజమాయిషీకి పెట్టాడు. అంటరానివారని తరిమేసే మేస్త్రీల కింద కాకుండా, తమ మాట వినే మనుషుల దగ్గర పేదలు పని చేసి కూలి తీసుకొనే ఏర్పాటు అది. మాదిగలే కాదు, ఆకలితో ఉన్న ఏ కులంవారైనా వచ్చి తవ్వారు. ఆ శిబిరంలో కలరా వచ్చింది. చావులు చూశారు. అయినా పని ఆగలేదు.

ఇందులో మనం ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం మరొకటి ఉంది. కరువు కాలంలో వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వచ్చారన్న మాట వారి విశ్వాసం మీద పడకూడదు, కూలి ఇచ్చినందుకు ప్రతిఫలంగా వారి ఆత్మను అడిగినట్టూ ఉండకూడదు. లెక్కలు చూపించి విదేశాల్లో మెప్పు పొందే అవకాశాన్ని ఒక మిషనరీ చేతులారా వదులుకున్నాడు. కరువు సహాయం ముగిశాక, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పాక కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మన సంఘాల్లో చాలామంది గర్వంగా చెప్పుకుంటారు. దాని వెనుక ఉన్న పదిహేను నెలల నిరీక్షణను చెప్పేవారు తక్కువ. నా దృష్టిలో త్యాగం ఆ నిరీక్షణలోనే ఉంది. ప్రేమించి కూడా, ఆ ప్రేమకు వెల కట్టకపోవడం అది.

డిచ్‌పల్లి: నేర్చుకొనే ప్రేమ

ఇప్పుడు తెలంగాణ వైపు వద్దాం. స్కాట్లండుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, పాస్టరైన తన భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో మన దేశానికి వచ్చింది. వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున నిజామాబాదు ప్రాంతంలో పరిచర్య చేసింది. అప్పట్లో కుష్ఠు అంటే ఊరి బయట బతుకు. కుటుంబం వదిలేసేది, బావి దగ్గరికి రానిచ్చేవారు కారు. హిందూ దాత రాజా నర్సాగౌడ్ చేసిన సాయంతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలైంది.

త్యాగం గురించి మనకున్న ఒక అపోహను ఈ వైద్యురాలి జీవితం సరిచేస్తుంది. కుష్ఠురోగుల మధ్య పని చేసినవారి గురించి చెప్పేటప్పుడు వారు ఏమి పోగొట్టుకున్నారన్నదే చెబుతాం. దేశం వదిలారు, సుఖం వదిలారు అంటాం. నిజమే. కాని ఆమె ధ్యాస తాను పోగొట్టుకొనేదాని మీద లేదు, రోగి పొందవలసినదాని మీద ఉంది. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ వంటి వైద్యులు హిడ్నోకార్పస్ నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరుస్తుంటే, ఆమె దాన్ని నేర్చుకొని డిచ్‌పల్లిలో అమలు చేసింది. ఆ రోజుల్లో దొరికే మంచి వైద్యం అదే. కుష్ఠువారికి ఆశ్రయం ఇస్తే చాలని లోకం అనుకుంటున్న కాలంలో, వారికి వైద్యం అందాలని ఆమె పట్టుబట్టింది. 1932లో కన్నుమూసే వరకూ ఆ పని వదల్లేదు.

ప్రేమకు కన్నీళ్ళు చాలవు, నేర్పు కూడా కావాలి. గాయపడినవాణ్ణి చూసి జాలిపడిన సమరయుడు అక్కడితో ఆగలేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ళవాడికి డబ్బిచ్చాడు, మళ్ళీ వస్తానన్నాడు (లూకా 10:33-35). తాను ఎంత నష్టపోయాడో ఆ కథలో లెక్క లేదు. గాయపడినవాడు బతికాడా లేదా అన్నదే లెక్క.

డోర్నకల్: పక్కన కూర్చొనే ప్రేమ

మూడో సాక్షి ఒక భారతీయుడు. తమిళదేశంలో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తెలుగు నేర్చుకొని డోర్నకల్ ప్రాంతానికి మిషనరీగా వచ్చాడు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే చనిపోయాడు.

బిషప్పు కాకముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడాడు. మొదటి కొరింథీ పదమూడో అధ్యాయాన్ని మనసులో పెట్టుకొని, మీరు మీ ఆస్తిని పేదలకిచ్చారు, మీ శరీరాలను కూడా అప్పగించారు, అది మేము మరువం, అయినా మాకు ఇంకా ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అన్న భావంతో ముగించాడు. సభలో చాలామందికి ఆ మాట గుచ్చుకుంది. ప్రాణాలే ధారపోసినవారిని పట్టుకొని ప్రేమ చాలలేదంటాడా అని.

కాని పౌలు చెప్పింది అదే కదా. ఆస్తి అంతా పంచినా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా, ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదు (1 కొరింథీ 13:3). అంటే ప్రేమ లేని త్యాగం కూడా ఉండగలదు. పైన నిలబడి కిందికి ఇచ్చేవాడు ఎంతైనా ఇవ్వగలడు, కాని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టడం కష్టం. ప్రభువు తన శిష్యులను దాసులని కాక స్నేహితులని పిలిచాడు (యోహాను 15:15). స్నేహితుల కోసం ప్రాణం పెట్టడాన్ని మించిన ప్రేమ లేదని చెప్పింది కూడా ఆ మాటకు రెండు వచనాల ముందే.

ఇల్లు: ఆజ్ఞ ఎవరికి?

ఈ మూడు సాక్ష్యాల వెలుగులో ముందు మన ఇళ్ళను చూసుకుందాం.

భర్త కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన స్త్రీకి "ఓర్చుకోమ్మా, క్రీస్తు కూడా సిలువ మోశాడు కదా" అని చెప్పే అలవాటు మనలో ఉంది. చెప్పేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం తెరిచి చూడండి. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని అపొస్తలుడు ఆజ్ఞాపించింది ఎవరికి? భర్తకు (ఎఫెసీ 5:25). సిలువ మాదిరిని ఆ ఇంట్లో బలవంతుడి భుజం మీద పెట్టాడు పౌలు. మనం దాన్ని ఎత్తి బలహీనురాలి భుజం మీద పెడుతున్నాం. అది త్యాగం కాదు, బలి. కొట్టే చేతిని ఆపమని భర్తకు చెప్పడం, ఆ స్త్రీకి, పిల్లలకు క్షేమమైన చోటు చూపించడం, అవసరమైతే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడానికి తోడుండటం కాపరి పనే.

కానుకల విషయంలో కూడా అంతే. పేద విధవరాలి రెండు కాసులను మనం ఎంతో మెచ్చుకుంటాం. ఆ కథకు సరిగ్గా ముందున్న వచనం చదవం. విధవరాండ్ర ఇళ్ళను మింగేసే శాస్త్రుల గురించి ప్రభువు అక్కడే హెచ్చరించాడు (మార్కు 12:40-44). ఆమె ఇచ్చింది త్యాగమే. ఆమె దగ్గర రెండు కాసులే మిగిలేట్టు చేసినవారి మాటేమిటి? కానుక అడిగేటప్పుడు పౌలు కొరింథువారితో ఇతరులకు తేలిక, మీకు భారం కావాలని కాదు, సమానత్వం కావాలని చెప్పాడు (2 కొరింథీ 8:13-14). అప్పు చేసి కానుక ఇచ్చిన కుటుంబాన్ని సాక్ష్యంగా నిలబెట్టే ముందు ఈ వచనాన్ని చదువుకుందాం.

జవహర్‌నగర్: నగరం వదిలేసినది ఎవరి దగ్గరికి?

ఇంటి నుంచి వీధిలోకి వద్దాం. హైదరాబాదు నగరం రోజూ వదిలేసే వేల టన్నుల చెత్తలో అధికభాగం చేరేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. పాత గుట్టను మట్టితో కప్పారు, విద్యుత్తు తయారు చేసే ప్లాంటు పెట్టారు. అయినా వాసన గురించి, చెత్త నుంచి ఊరే నల్లటి నీటి గురించి, మల్కారం చెరువు పాడైపోవడం గురించి చుట్టుపక్కలవారు ఏళ్ళ తరబడి మొర పెట్టుకుంటూనే ఉన్నారు. ఆ చుట్టుపక్కల ఉండేవారిలో ఎక్కువమంది పేదలు. పల్లెల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవారు, చెత్త ఏరి అమ్ముకొనేవారు కూడా వారిలో ఉన్నారు.

నగరం శుభ్రంగా ఉండటం కోసం వీరు త్యాగం చేస్తున్నారని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వీరిని ఎవరూ అడగలేదు. వద్దనే అవకాశం వీరికి రాలేదు. త్యాగానికి కావలసిన మొదటి గుర్తు ఇక్కడ లేదు. మనం పారేసినదాని వెల వీరు చెల్లిస్తున్నారు. పారిశుధ్య కార్మికుల పాదాలు ఒక రోజు కడిగి, శాలువా కప్పి, ఫొటో దిగి, మరుసటి రోజు తడి చెత్తనూ పొడి చెత్తనూ, పగిలిన గాజునూ వాడేసిన సూదులనూ ఒకే సంచిలో కుక్కి వారి చేతికిస్తే, పాదాలు కడిగిన ప్రభువును మనం వెక్కిరించినట్టే.

మరి ఇక్కడ త్యాగపూరితమైన ప్రేమ ఎవరిది కావాలి? ఉన్నవారిది. ఒంగోలు మనకు నేర్పినట్టు, తిరిగి ఏమీ ఆశించకుండా. ఆరోగ్య శిబిరం పెడితే ఆధార్ అడిగినట్టు ఏ సంఘమని అడగకుండా. డిచ్‌పల్లి నేర్పినట్టు, పని తెలుసుకొని. చెత్త వేరు చేయడం, చేతి తొడుగులు, టెటనస్ టీకాలు, కార్మికులకు రావలసిన పీఎఫ్, ఈఎస్ఐ హక్కులు ఏమిటో నేర్చుకొని. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. కార్డు ఉండి కూడా అక్కడ ఏ గదికి వెళ్ళాలో తెలియక తిరిగివచ్చేవారికి సంఘంలో చదువుకున్న ఒక యువకుడు సగం రోజు తోడు వెళ్ళగలడు. డోర్నకల్ నేర్పినట్టు, పక్కన కూర్చొని. ప్రేమవిందు రోజు వడ్డించే వరుసలోనే కాదు, సంఘ కమిటీలో కూడా ఆ కార్మికురాలికి కుర్చీ వేసి.

యోహాను తన మొదటి పత్రికలో ఈ రెండు సంగతులనూ పక్కపక్కనే పెట్టాడు. ప్రభువు మనకోసం ప్రాణం పెట్టాడు గనుక మనమూ సహోదరుల కోసం ప్రాణం పెట్టాలంటాడు. ఆ వెంటనే, సొమ్ముండి కూడా అవసరంలో ఉన్న సహోదరుణ్ణి చూసి మనసు మూసుకున్నవానిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుందని అడుగుతాడు (1 యోహాను 3:16-18). ప్రాణం పెట్టే సందర్భం మనలో చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా రాకపోవచ్చు. సొమ్ము, సమయం, కుర్చీ పెట్టే సందర్భం మాత్రం ఈ వారంలోనే వస్తుంది.

కాబట్టి ఇకమీదట "త్యాగం" అనే మాట పలికే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇస్తున్నది నాదేనా, లేక నాకంటే బలహీనులదా? తిరిగి నాకు ఏదైనా రావాలని ఇస్తున్నానా? ఇచ్చాక ఆ మనిషి పక్కన కూర్చోగలనా? ఈ ప్రశ్నలు ముందు బోధించేవారికి, ఇళ్ళలో పెద్దలకు, సంఘాల్లో పదవులున్నవారికి. మోయలేని బరువుతో మన మధ్యకు వచ్చేవారికి మాత్రం ప్రభువు ముందే వేరే మాట చెప్పి ఉంచాడు. ప్రయాసపడి భారం మోస్తున్నవారిని తన దగ్గరికి పిలిచి విశ్రాంతి ఇస్తానన్నాడు (మత్తయి 11:28). వారికి ఆ మాటే చెబుదాం. వారి భారంలో ఒక కొస మనం పట్టుకొని చెబుదాం.

ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండును గాక. ఆమెన్.